పెద్ద వయసులో నడుంనొప్పి: మనం చేసుకునే వైద్యం



అరవై దాటిన వాళ్ళను నెలల తరబడి, ఏళ్ళ తరబడి వదలకుండా వేధించే నడుంనొప్పి గురించీ, దానికి ఫిజియోథెరపీ చేయగల మేలు గురించీ ఈరోజు మీతో మాట్లాడతాను. నొప్పి పడుతున్న పెద్దవాళ్ళు ఎంత శ్రద్ధగా వినాలో, వాళ్ళను కనిపెట్టుకుని ఉండే కొడుకులూ కోడళ్ళూ, కూతుళ్ళూ అల్లుళ్ళూ అంత శ్రద్ధగానూ వినాలి. ఎందుకంటే ఈ నొప్పి తగ్గడమూ ముదరడమూ ఆస్పత్రిలో గడిపే అరగంట కంటే ఇంట్లో గడిచే మిగతా రోజు మీదే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో 61 కోట్ల 90 లక్షల మందికి నడుంనొప్పి ఉంది. 2050 నాటికి ఆ సంఖ్య 84 కోట్లు దాటుతుందని అంచనా. మనిషిని మంచాన పడేసి, పనికి దూరం చేసే జబ్బులన్నిటిలోనూ ప్రపంచం మొత్తం మీద మొదటి స్థానం దీనిదే. మన ఊళ్ళ సంగతి వేరే చెప్పాలా? చిన్నప్పటి నుంచీ వరినాట్లు వేసి, కలుపు తీసి, మిరపకాయలు కోసిన ఆడవాళ్ళు. గుంట మగ్గంలో కాళ్ళు పెట్టుకుని నేసిన నేతన్నలు. నిజామాబాద్, జగిత్యాల వైపు చాట ఒళ్ళో పెట్టుకుని రోజంతా బీడీలు చుట్టిన తల్లులు. వీళ్ళలో నడుంనొప్పి ఎరగని మనిషిని వెతకడం కష్టం.

మూడు నెలలకు మించి ఉండే నొప్పిని దీర్ఘకాలిక నొప్పి అంటాం. ఇలాంటి నొప్పితో ఫిజియోథెరపిస్టులమైన మా దగ్గరకు వచ్చే పెద్దవాళ్ళు చాలామంది ఒకే మాట చెబుతారు: "గుజ్జు అరిగిపోయిందట, ఇక తగ్గదట." చేతిలో పెద్ద కవరు, అందులో ఎమ్మారై ఫిల్ములు. ఆ రిపోర్టు చూసి వాళ్ళు సగం ప్రాణం పోగొట్టుకుని ఉంటారు. అందుకే ముందు ఆ రిపోర్టు సంగతి చూద్దాం.

నడుంనొప్పి బొత్తిగా లేని, ఆరోగ్యంగా తిరుగుతున్న మూడువేలమందికి పైగా మనుషుల స్కానింగులను పరిశోధకులు పోగుచేసి చూసి, 2015లో ఫలితాలు ప్రకటించారు. ఇరవై ఏళ్ళ వాళ్ళలో 37 శాతం మందికి అప్పటికే డిస్కుల్లో, అంటే వెన్నుపూసల మధ్య ఉండే గుజ్జులో, అరుగుదల మొదలైంది. ఎనభై ఏళ్ళ వాళ్ళలో 96 శాతం మందికి అరుగుదల ఉంది. వీళ్ళెవరికీ నొప్పి లేదని మరోసారి గుర్తుచేస్తున్నాను. అంటే వయసుతో జుట్టు నెరవడం ఎంత సహజమో, డిస్కు అరగడమూ అంతే సహజం. దీర్ఘకాలిక నడుంనొప్పితో వచ్చే వాళ్ళలో నూటికి తొంభై మందికి ఫలానా ఎముక వల్ల, ఫలానా డిస్కు వల్ల అని వేలు పెట్టి చూపగలిగే కారణం దొరకదు. కాబట్టి రిపోర్టులో "అరుగుదల" అని ఉన్నంత మాత్రాన మీ నడుము పని అయిపోయినట్టు కాదు.

అయితే పెద్ద వయసులో కొన్ని లక్షణాలను మాత్రం ఒక్కరోజు కూడా ఉపేక్షించకూడదు. మూత్రం బిగదీసుకుపోవడం, తెలియకుండా మూత్రమో విరేచనమో అయిపోవడం, కూర్చునే చోట మొద్దుబారడం, కాళ్ళలో పట్టు తప్పుతూ ఉండడం – వీటిలో ఏది కనిపించినా ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళాలి. జారిపడ్డ తర్వాత మొదలైన నొప్పి, జ్వరంతో పాటు వచ్చే నొప్పి, బరువు తగ్గిపోతూ రాత్రుళ్ళు నిద్రపట్టనివ్వని నొప్పి, ఇంతకుముందు కేన్సర్ వచ్చిన వాళ్ళకు కొత్తగా మొదలైన నొప్పి – ఇవి కూడా ముందు డాక్టరు చూడవలసినవే. మన దేశంలో వెన్నుపూసలకు క్షయ సోకడం ఇప్పటికీ ఉంది. ఎముకలు గుల్లబారిన వాళ్ళకు గట్టిగా తుమ్మినా వెన్నుపూస చిట్లవచ్చు. ఇలాంటివేవీ లేవని తేల్చుకున్నాకే వ్యాయామం సంగతి.

ఇక విశ్రాంతి. నడుంనొప్పి అనగానే మనకు మొదట గుర్తొచ్చేది మంచం. 1986లో అమెరికాలోని టెక్సస్‌లో రిచర్డ్ డేయో అనే వైద్యుడూ ఆయన సహచరులూ నడుంనొప్పితో వచ్చిన 203 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు రెండు రోజులు, మరో జట్టుకు ఏడు రోజులు పడక విశ్రాంతి చెప్పారు. ఏడు రోజులు చెప్పించుకున్న వాళ్ళకు అదనంగా ఒరిగిందేమీ లేదు. పైగా వాళ్ళు పనికి వెళ్ళలేకపోయిన రోజులే ఎక్కువ. ఇలాంటి పరిశోధనలు వచ్చాక వైద్యులు పడక విశ్రాంతి రాయడం తగ్గించారు. అది ఎక్కువగా కొత్త నొప్పుల సంగతి. పాతబడ్డ నొప్పికి, అందులోనూ డెబ్బై ఏళ్ళ ఒంటికి, మంచం చేసే చేటు ఇంకా ఎక్కువ. ఆ వయసులో పడుకున్న ప్రతి వారమూ తొడలూ పిరుదులూ వీపు కండరాలూ బలం కోల్పోతాయి. కండ తగ్గితే నిలబడడానికే ఆయాసం. నిలబడలేక మళ్ళీ మంచం. అలా రెండు మూడు నెలలయ్యేసరికి, నడుంనొప్పితో మొదలైన మనిషి బాత్రూంకు వెళ్ళడానికి కూడా ఇంకొకరి చెయ్యి పట్టుకోవలసి వస్తుంది.

నొప్పి ఇలా పాతబడడానికి మరో కారణం మన నాడీవ్యవస్థలో ఉంది. మొదట్లో ఏదో బెణుకో, పట్టేయడమో జరిగి ఉంటుంది. అది వారాల్లో మానిపోతుంది. కానీ దొంగ వెళ్ళిపోయాక కూడా మొరుగుతూనే ఉండే కుక్కలా, నాడులు చిన్న కదలికకు కూడా అపాయం అపాయం అని మెదడుకు కబురు పంపుతూనే ఉంటాయి. నిద్ర చాలకపోయినా, మనసులో దిగులున్నా, వంగితే ఏమవుతుందోనన్న భయం ఉన్నా ఆ కబుర్లు ఎక్కువవుతాయి. నొప్పి నిజమే, అందులో నటన ఏమీ లేదు. కాకపోతే నొప్పి పుట్టినంత మాత్రాన లోపల ఏదో తెగిపోతున్నట్టు కాదు. కదిలినా ఏమీ కాలేదని ఒంటికి కొద్దికొద్దిగా నమ్మకం కలిగిస్తూ పోవడమే ఈ స్థితికి మందు. ఫిజియోథెరపిస్టు చేసే పనిలో ముఖ్యమైనది ఇదే.

ఆ పని ఎలా జరుగుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. డెబ్బై దాటిన ఒక మామ్మగారు మా గదిలోకి వచ్చి కూర్చున్నారు. లేచి నడిచి చూపించమన్నాను. లేవబోయేముందు రెండు చేతులూ మోకాళ్ళ మీద మోపారు, ఊపిరి బిగబట్టారు, పెదాలు బిగించారు. పాదాలు కుర్చీకి చాలా ముందున్నాయి, వీపు కర్రలా బిగుసుకుంది. అలా లేస్తే ఎవరికైనా నడుం పట్టేస్తుంది. "లేచేటప్పుడు అంత బిగబడుతున్నారెందుకు మామ్మగారూ?" అంటే, "పట్టేస్తుందేమోనని భయం తల్లీ" అన్నారు. కుర్చీలో కాస్త ముందుకు జరగమన్నాను. పాదాలు మోకాళ్ళ కిందకు వచ్చేలా వెనక్కి లాక్కోమన్నాను. ముక్కు కాలివేళ్ళ మీదకు వచ్చేదాకా తుంటి దగ్గర నుంచి ముందుకు వంగి, ఊపిరి వదులుతూ లేవమన్నాను. లేచారు. నిలబడి ఒక్క క్షణం ఆగి, "రాలేదే నొప్పి" అన్నారు. ఆ రోజు మేం ఏ యంత్రమూ పెట్టలేదు. ఆమె నడుములో మారింది ఏమీ లేదు. ఆమెకు ధైర్యం వచ్చింది, లేచే పద్ధతి తెలిసింది. బలం ఆ తర్వాత వారాల మీద వచ్చింది.

మొదటిసారి వెళ్ళినప్పుడు మంచి ఫిజియోథెరపిస్టు మీ నడక చూస్తారు, ఒంటికాలి మీద నిలబడగలరా అని చూస్తారు. చేతులు ఛాతీ మీద కట్టుకుని 30 సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచి కూర్చోగలరో లెక్కపెడతారు. 70 నుంచి 74 ఏళ్ళ మధ్య ఆడవాళ్ళు 10 సార్ల కంటే తక్కువ, మగవాళ్ళు 12 సార్ల కంటే తక్కువ లేవగలిగితే కాళ్ళ బలం తగ్గిందనీ, పడిపోయే ప్రమాదం ఉందనీ అర్థం. అంతకన్నా ముఖ్యంగా, మీకు ఏ పని చేసుకోవాలని ఉందో అడుగుతారు. గుడి మెట్లెక్కాలని ఒకరికి, మనవడిని ఎత్తుకోవాలని ఇంకొకరికి, కింద కూర్చుని సహపంక్తిని భోంచేయాలని మరొకరికి ఉంటుంది. వ్యాయామాలు ఆ కోరికకు తగ్గట్టు ఎంచుతారు.

ఒకరికి పనికొచ్చిన వ్యాయామం ఇంకొకరికి హాని చేయవచ్చు. ఫోన్లో వీడియో చూసి మొదలుపెట్టే వాళ్ళు ఈ సంగతి తప్పక గుర్తుంచుకోవాలి. కొందరు పెద్దవాళ్ళకు వెన్నులో నాడులు దిగే దారి ఇరుకవుతుంది. నాలుగడుగులు వేసేసరికి పిక్కలు బరువెక్కి, తిమ్మిరెక్కుతాయి. ఏ అరుగు మీదో కూర్చున్నా, తోపుడు బండి మీద చేతులాన్చి ముందుకు వంగినా హాయిగా ఉంటుంది. వాళ్ళకు మోకాళ్ళు పొట్టకు తెచ్చుకునే వ్యాయామాలు, కదలని సైకిలు తొక్కడం, మధ్యమధ్య కూర్చుంటూ నడవడం సరిపడతాయి. ఎముకలు గుల్లబారిన వాళ్ళ సంగతి దీనికి పూర్తిగా వేరు. 1984లో అమెరికాలోని మేయో క్లినిక్ నుంచి ఒక అధ్యయనం వచ్చింది. ముట్లుడిగిన తర్వాత ఎముకలు గుల్లబారిన 59 మంది ఆడవాళ్ళను చూశారు. ముందుకు వంగే వ్యాయామాలు చేసిన వాళ్ళలో 89 శాతం మందికి వెన్నుపూసలు కొత్తగా కుంగడమో చిట్లడమో జరిగింది. వీపును వెనక్కి, నిటారుగా లేపే వ్యాయామాలు చేసిన వాళ్ళలో అలా జరిగింది 16 శాతం మందికే. చూశారా, ఒకరికి హాయినిచ్చే వంపు ఇంకొకరి ఎముకకు ముప్పు. అందుకే పరీక్ష చేయించుకోకుండా వ్యాయామాలు మొదలుపెట్టవద్దని అంటాం.

చాలామంది పెద్దవాళ్ళకు ఇబ్బంది లేని కొన్ని సంగతులు మాత్రం రేడియోలోనే చెప్పవచ్చు.

మొదటిది, పొద్దున్నే మంచం దిగడం. వెల్లకిలా ఉన్నచోటి నుంచి తలెత్తి ఒక్కసారిగా లేవకండి. మోకాళ్ళు మడిచి, ఒళ్ళంతా ఒకేసారి పక్కకు ఒత్తిగిలండి. కాళ్ళు మంచం అంచు నుంచి కిందకు దించుతూ, చేతులతో పరుపును నొక్కి లేచి కూర్చోండి. తల తిరగకుండా కాసేపు ఆగి అప్పుడు నిలబడండి.

రెండోది, మామ్మగారికి చెప్పిన వ్యాయామమే. గోడకు ఆన్చిన గట్టి కుర్చీలోంచి లేచి కూర్చోవడం. మొదట్లో చేతుల సాయం తీసుకోవచ్చు. ఐదుసార్లతో మొదలుపెట్టి, వారం వారం ఒకటో రెండో పెంచండి. తేలికైతే కాస్త ఎత్తు తక్కువ కుర్చీ వాడండి.

మూడోది, వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి, పాదాలు పరుపు మీద ఆన్చి, పిరుదులు మెల్లగా పైకి లేపడం. ఐదు అంకెలు బయటికి వినబడేలా లెక్కపెట్టి దించండి. బయటికే ఎందుకంటే, మాట్లాడుతూ ఉంటే ఊపిరి బిగబట్టలేం. బీపీ ఉన్న వాళ్ళు ఊపిరి బిగబట్టకూడదు.

నాలుగోది నడక. పది నిమిషాలు నడవలేని వాళ్ళు మూడు నిమిషాలే నడవండి, కానీ రోజుకు మూడుసార్లు నడవండి.

వ్యాయామం చేసేటప్పుడు కొద్దిపాటి నొప్పి ఉంటే కంగారు పడవద్దు. మర్నాటి పొద్దుటికి నొప్పి మామూలు స్థాయికి వచ్చేస్తే మీరు చేసింది సరిపోయినట్టే. మర్నాడంతా ఎక్కువగానే ఉంటే, మానేయకుండా సగానికి తగ్గించండి. నొప్పి కాలిలోకి కిందకు పాకుతున్నా, తిమ్మిరి పెరుగుతున్నా ఆపి, చూపించుకోండి.

"ఈ వయసులో ఇంకా బలం వస్తుందా?" అని అడిగే వాళ్ళకు బోస్టన్‌లో జరిగిన సంగతి చెప్పాలి. 1990లో మరియా ఫియాటరోన్ అనే వైద్యురాలు ఒక వృద్ధాశ్రమంలో 86 నుంచి 96 ఏళ్ళ మధ్య ఉన్న పదిమందికి కాళ్ళతో బరువులు ఎత్తే వ్యాయామం ఎనిమిది వారాలు నేర్పించింది. పూర్తిచేసిన వాళ్ళ తొడ కండరాల బలం సగటున 174 శాతం పెరిగింది. తొంభై ఏళ్ళ కండరం కూడా పని చెబితే నేర్చుకుంటుంది. మరి డెబ్బై ఏళ్ళ మీరు ఆశ వదులుకోవడం ఎందుకు?

నడక గురించి ఇటీవలి పరిశోధన ఒకటి ఉంది. ఆస్ట్రేలియాలోని మాక్వరీ విశ్వవిద్యాలయం వాళ్ళు నడుంనొప్పి నుంచి అప్పుడే కోలుకున్న 701 మందిని పరిశీలించి 2024లో ఫలితాలు చెప్పారు. ఫిజియోథెరపిస్టు సలహాతో నడక పెంచుకుంటూ పోయిన వాళ్ళలో నొప్పి తిరగబెట్టడానికి పట్టిన మధ్యస్థ కాలం 208 రోజులు, ఏ సలహా లేని వాళ్ళలో 112 రోజులు. నడకకు టిక్కెట్టు లేదు, యంత్రం అక్కర్లేదు. కాళ్ళకు పట్టుండే చెప్పులూ, ఎత్తుపల్లాలు లేని దారీ ఉంటే చాలు.

ఇప్పుడు కరెంటు పెట్టించుకోవడం గురించి. "పది రోజులు కరెంటు పెట్టించుకున్నానమ్మా, పెట్టినంతసేపూ బాగానే ఉంది, ఇంటికొస్తే మళ్ళీ మామూలే" అని చాలామంది అంటారు. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలిక నడుంనొప్పి మీద మొట్టమొదటిసారి మార్గదర్శకాలు విడుదల చేసింది. నొప్పి గురించి రోగికి వివరంగా చెప్పడం, పద్ధతిగా వ్యాయామం చేయించడం, మనసుకు ధైర్యం ఇచ్చే చికిత్సలు, కొందరికి మర్దన – వీటిని సూచించింది. నడుముకు బెల్టు, బరువులు కట్టి లాగే ట్రాక్షన్, అల్ట్రాసౌండ్, టెన్స్ అనే కరెంటు చికిత్స – వీటిని మామూలుగా వాడవద్దంది.  వేడి కాపడం పెట్టుకుంటే తప్పులేదు, హాయిగా ఉంటుంది, ఆ హాయిలో వ్యాయామం చేసుకోవచ్చు. అంతేగాని కాపడమే వైద్యం అనుకోవద్దు. ఊళ్ళో ఎవరిచేతో నొప్పి సూదులు వేయించుకుంటూ, దుకాణంలో నొప్పి బిళ్ళలు కొనుక్కుంటూ నెలలు గడిపే వాళ్ళు మరీ జాగ్రత్తపడాలి. పెద్ద వయసులో ఆ మందులు కడుపులో పుండ్లు చేస్తాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి, బీపీ పెంచుతాయి. డాక్టరు చెప్పినన్ని రోజులే వాడాలి. పడుకోబెట్టి చేయించుకునే వైద్యం కొద్దిసేపు ఊరట. లేచి మనం చేసుకునే వైద్యమే నిలబడేది.

అందరికీ పని మానుకునే వీలు ఉండదని నాకు తెలుసు. మగ్గం దిగితే పూట గడవని ఇల్లున్న వాళ్ళకు విశ్రాంతి తీసుకోమని చెప్పడం న్యాయం కాదు. వాళ్ళకు చెప్పవలసింది పని చేసే తీరు. అరగంటకోసారి లేచి, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని నాలుగైదుసార్లు మెల్లగా వెనక్కి వాలండి. వాలితే కాళ్ళు లాగే వాళ్ళు నాలుగడుగులు నడిచి వస్తే చాలు. బీడీలు చుట్టేటప్పుడు గోడకు వీపు ఆన్చుకోండి. నిండు బిందె ఒక చంకన పెట్టుకునే బదులు రెండు చిన్న బకెట్లు రెండు చేతుల్లో తీసుకెళ్ళండి. కత్తిపీట ముందు వంగి కూర్చోలేకపోతే, బల్ల మీద చాకుతో కూరలు తరుక్కోండి.

చికిత్స ఎక్కడ దొరుకుతుందని మీరు అడగవచ్చు. వృద్ధుల ఆరోగ్యం కోసం కేంద్ర ప్రభుత్వం 2010–11లో ఒక జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. దాని ప్రకారం జిల్లా ఆస్పత్రిలో వృద్ధులకు పది పడకల వార్డు, ఓపీ, ఫిజియోథెరపీ విభాగం ఉండాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వారానికోసారి వృద్ధుల క్లినిక్ జరగాలి. మీ దగ్గరి ఆస్పత్రికి వెళ్ళి ఏ రోజు ఉంటుందో అడగండి. లేకపోతే ఎందుకు లేదనీ అడగండి. అడిగే వాళ్ళుంటేనే ఆ గదుల తాళాలు తీస్తారు. పట్టణాల్లో సొంతంగా క్లినిక్కులు పెట్టుకున్న వాళ్ళ దగ్గరకు వెళితే, ఫిజియోథెరపీలో డిగ్రీ ఉందో లేదో కనుక్కోండి. మిమ్మల్ని పరీక్షించకుండా నేరుగా యంత్రం దగ్గరకు తీసుకెళితే, ఇంట్లో చేసుకోవడానికి ఏమీ నేర్పకుండా పంపిస్తే, ఇంకొకరి దగ్గరకు వెళ్ళండి. రోజూ వెళ్ళనవసరం లేదు. వ్యాయామాలు నేర్చుకుని, వారానికో పదిరోజులకో ఒకసారి చూపించుకుని మార్పులు చేయించుకుంటే చాలామందికి సరిపోతుంది. ఫలితం కనబడడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. మొదటి వారంలోనే తగ్గలేదని వదిలేయకండి.

చివరగా ఇంట్లోవాళ్ళకు ఒక మాట. "నువ్వు కూర్చో నాన్నా, నేను తెస్తాగా", "నువ్వు లేవకమ్మా, నడుం పట్టేస్తుంది" అని మనం ప్రేమతోనే అంటాం. కానీ మంచినీళ్ళ గ్లాసు కూడా మంచం దగ్గరికే తెచ్చి ఇస్తే, ఆ రోజు వాళ్ళు లేచి వేయాల్సిన నాలుగడుగులను మనం లాగేసుకున్నట్టే. నీళ్ళు వాళ్ళనే తెచ్చుకోనివ్వండి. వాళ్ళ పక్కన నడవండి. కుర్చీ వ్యాయామం చేస్తుంటే లెక్కపెట్టండి. బాత్రూం గోడకు పట్టుకునే కడ్డీ ఒకటి బిగించండి, తడి నేల మీద జారని పట్టా వేయండి. నిన్నటికన్నా ఒక్కసారి ఎక్కువ లేచారంటే ఆ మాట వాళ్ళతో చెప్పండి.

నడుంనొప్పితో ఉన్న పెద్దలకు నా విన్నపం ఒకటే. నొప్పి పూర్తిగా పోయాక కదులుదాం అనుకోకండి. కదలడం మొదలుపెట్టండి, నొప్పి మెల్లగా దారికి వస్తుంది. కొందరికి పూర్తిగా పోతుంది, కొందరికి కొంత మిగులుతుంది. మిగిలినా సరే, గుడికి వెళ్ళగలిగితే, పొలం గట్టు మీద నడవగలిగితే, మీ పనులు మీరు చేసుకోగలిగితే అది గెలుపే. రేపు పొద్దున్నే పక్కకు ఒత్తిగిలి లేవండి. కుర్చీ గోడకు ఆన్చి ఐదుసార్లు లేచి కూర్చోండి. ఈ వారంలోనే ఒక ఫిజియోథెరపిస్టును కలవండి.